జేబు చాకు ఎంపిక: ఖరీదైన ఉక్కు ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం?

నా బల్ల మీద ఇప్పుడు మూడు మడత చాకులు ఉన్నాయి. మూడింటి పొడవూ ఇంచుమించు ఒకటే. మూడూ పిడిలోకి మడిచి జేబులో వేసుకునేవే. మొదటిది 1095 అనే మామూలు కార్బన్ ఉక్కుతో చేసినది. ఏడాదిగా పళ్ళు కోసీ కోసీ దాని బ్లేడు నీలం, బూడిద కలిసిన మరకలతో మబ్బు పట్టినట్టు తయారైంది. రెండవది స్విట్జర్లాండ్ స్టెయిన్‌లెస్ చాకు. కొన్ననాటి మెరుపు దానికి ఇంకా పోలేదు కానీ, పదును మాత్రం నెలకు రెండుసార్లు అడుగుతుంది. మూడవది ఇటలీలో ఎం390 అనే పౌడర్ ఉక్కుతో చేసినది. దాని ధరకు మొదటి రెండూ కొన్నా చేతిలో ఇంకా కొంత సొమ్ము మిగులుతుంది. అంత డబ్బు పెట్టడం సమంజసమేనా అని మిత్రులు అడిగినప్పుడల్లా నేను ఎదురు ప్రశ్నలే వేస్తాను. మీరు దానితో ఏం కోస్తారు? మొద్దుబారితే సాన ఎవరు పెడతారు? ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగినవారికి ఉక్కు ఎంపిక చాలావరకు అయిపోయినట్టే.

సంప్రదాయ చాకు అంటే ఇక్కడ నా ఉద్దేశం, బ్లేడును తెరిచి ఉంచడానికి తాళం వంటి ఏర్పాటు ఏదీ లేకుండా, పిడి వెన్నులో బిగించిన స్ప్రింగు ఒత్తిడి మీద మాత్రమే ఆధారపడే చాకు. ఆంగ్లంలో దీన్ని స్లిప్‌జాయింట్ అంటారు. గోటి గాడిలో గోరు ఆనించి లాగితే మొదట బిగువుగా కదులుతుంది, పూర్తిగా తెరుచుకోగానే టక్కుమని చప్పుడు చేసి నిలుస్తుంది. ఒకటి రెండు బ్లేడ్లు, పిడి మొదట్లో పెద్ద లోహపు తొడుగు ఉండే బార్లో, రెండు పొడవైన బ్లేడ్లు ఉండే ట్రాపర్, మూడు చిన్న బ్లేడ్ల స్టాక్‌మ్యాన్ వంటివి ఈ రకంలో పేరున్న నమూనాలు. ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని సోలింగెన్, ఫ్రాన్సులోని థియేర్, ఇటలీలోని మానియాగో, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రాడ్‌ఫర్డ్, టైటస్‌విల్ పట్టణాలు ఈ వృత్తికి పుట్టిళ్ళు. ఫ్రాన్సు ఒపినెల్, జపాను హిగోనోకామీ వంటి వాటికి వెన్ను స్ప్రింగు ఉండదు కనుక కచ్చితంగా చెప్పాలంటే అవి వేరే తెగ. అయినా కొనేవారు అన్నింటినీ పక్కపక్కన పెట్టే చూస్తారు కనుక నేనూ కలిపే చెబుతాను.

ఈ చాకులన్నీ ఒకప్పుడు కార్బన్ ఉక్కుతోనే తయారయ్యేవి. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే లోహశాస్త్రవేత్త క్రోమియం కలిపిన ఉక్కును పోతపోసిన తరువాతే తుప్పు పట్టని కత్తులకు దారి ఏర్పడింది. 1884లో స్విట్జర్లాండ్‌లోని ఇబాఖ్ గ్రామంలో కార్ల్ ఎల్సెనర్ మొదలుపెట్టిన సంస్థ పేరు విక్టోరినాక్స్‌గా మారడానికి కారణం కూడా ఆ ఉక్కే. విక్టోరియా ఆయన తల్లి పేరు. స్టెయిన్‌లెస్‌కు ఫ్రెంచి మాట అయిన 'ఇనాక్స్' 1921లో ఆ పేరుకు తోడైంది.

ఉక్కులో అసలు తేడా ఎక్కడుంది

ఇనుములో కార్బన్ కలిస్తే ఉక్కు గట్టిపడుతుందన్నది అందరికీ తెలిసినదే. ఆ కార్బన్‌లో కొంత భాగం క్రోమియం, వనాడియం వంటి లోహాలతో జతకట్టి కార్బైడ్లు అనే అతి గట్టి రేణువులుగా మారుతుంది. సున్నపు గచ్చులో ఇసుక ఎలా అరుగుదలను ఆపుతుందో, వాదరలో, అంటే కోసే అంచులో, ఈ రేణువులు అలాగే పని చేస్తాయి. రేణువులు ఎక్కువగా, గట్టిగా ఉంటే వాదర నెమ్మదిగా అరుగుతుంది. అవే మరీ పెద్దవైతే సన్నని అంచులో ఇమడలేక రాలిపోతాయి, అంచుకు పళ్ళు పడతాయి. పౌడర్ ఉక్కు పుట్టింది ఈ చిక్కు విప్పడానికే. కరిగిన లోహాన్ని వాయువు ఒత్తిడితో తుంపరలుగా చిమ్మి, ఆ పొడిని మళ్ళీ వేడి మీద అదిమి దిమ్మెగా చేస్తే కార్బైడ్లు ఎదిగే వ్యవధి లేక చిన్నవిగా, సమంగా పరుచుకుని ఉంటాయి.

అంకెల్లో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 1095లో కార్బన్ 0.90 నుంచి 1.03 శాతం దాకా ఉంటుంది, క్రోమియం దాదాపు ఉండదు. అమెరికా కర్మాగారాలు విరివిగా వాడే 420హెచ్‌సీలో కార్బన్ అర శాతానికి లోపే, క్రోమియం 13 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఒపినెల్ స్టెయిన్‌లెస్ చాకుల్లో కనిపించే స్వీడన్ ఉక్కు 12సీ27లో కార్బన్ 0.60, క్రోమియం 13.5 శాతం. డీ2లో కార్బన్ 1.5, క్రోమియం 12. పాతకాలపు మేలు ఉక్కుగా పేరుపడ్డ 154సీఎంలో కార్బన్ 1.05, క్రోమియం 14, మాలిబ్డినం 4. ఇక పౌడర్ ఉక్కుల సంగతికి వస్తే, ఎస్35వీఎన్‌లో కార్బన్ 1.4, వనాడియం 3, నియోబియం అర శాతం. ఆస్ట్రియాకు చెందిన బోలర్ సంస్థ చేసే ఎం390లో కార్బన్ 1.9, క్రోమియం 20, వనాడియం 4. ఎస్90వీలో కార్బన్ 2.3, వనాడియం ఏకంగా 9 శాతం.

ఈ అంకెల్లో ఒక మోసం దాగి ఉంది. క్రోమియం శాతం పెద్దగా కనిపించినంత మాత్రాన ఆ ఉక్కుకు తుప్పు రాదని అనుకోకూడదు. కార్బైడ్లలో చిక్కుకుపోయిన క్రోమియం తుప్పును ఆపే పనికి రాదు. కార్బైడ్లలోకి పోకుండా లోహంలో కరిగి మిగిలినదే ఆ పని చేస్తుంది. 12 శాతం క్రోమియం ఉన్న డీ2 మీద వర్షాకాలంలో ఎర్రని చుక్కలు కనిపించడానికీ, లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త రూపొందించగా 2021లో మార్కెట్లోకి వచ్చిన మాగ్నాకట్ అనే పౌడర్ ఉక్కు 10.7 శాతం క్రోమియంతోనే ఉప్పుగాలిని ఎం390 కన్నా మెరుగ్గా తట్టుకోవడానికీ కారణం ఇదే. మాగ్నాకట్‌లో కార్బైడ్లన్నీ వనాడియం, నియోబియం లోహాలవే, క్రోమియం అంతా తుప్పును ఆపడానికే మిగిలిపోతుంది.

వనాడియం ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క పక్కమాట చెప్పాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు దిమ్మెల కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. పాశ్చాత్యులు దానికి పెట్టిన 'వూట్జ్' అన్న పేరు దక్షిణాది భాషల్లోని ఉక్కు అన్న మాట నుంచే పుట్టిందని చెబుతారు. ఆ తరహా దిమ్మెలతో చేసిన డమాస్కస్ కత్తుల మీద కనిపించే అలల వంటి గీతలకు, ముడి ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వనాడియం వంటి మూలకాలే కారణమని జాన్ వెర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్త 1990లలో ప్రతిపాదించారు. కనుక కార్బన్ ఎక్కువగా ఉన్న మేలు ఉక్కుకు అదనపు ధర పలకడం మన ప్రాంతానికి కొత్త విషయమేమీ కాదు.

కార్బన్ ఉక్కు: వాడేవారి చేతి గుర్తు

అమెరికాలో 2006లో టైటస్‌విల్‌లో మొదలైన గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ ఎక్కువగా 1095తోనే చాకులు చేస్తుంది. 1889 నుంచి ఉన్న కేస్ సంస్థ సీవీ అని ముద్రించే బ్లేడ్లలో కార్బన్ ఉక్కుకు స్వల్పంగా క్రోమియం, వనాడియం కలుస్తాయి. పసుపుపచ్చ పిడి ఉన్న కేస్ సీవీ చాకులకు అక్కడి రైతుల్లో తరతరాల ఆదరణ ఉంది. ఒపినెల్ కార్బన్ చాకు, జర్మనీ మెర్కాటర్, జపానులోని మికి పట్టణంలో చేసే హిగోనోకామీ కూడా ఈ కోవలోనివే.

ఈ ఉక్కులో నాకు అన్నింటికన్నా నచ్చే గుణం, సాన రాయి మీద అది స్పందించే తీరు. పది పన్నెండు సార్లు రాయి మీద లాగేసరికి వాదర లేస్తుంది. తరువాత పాత తోలు బెల్టు మీద నాలుగుసార్లు తిప్పితే చేతి మీది వెంట్రుకలు గొరిగేంత పదును వస్తుంది. దోషం కూడా అంత బాహాటంగానే ఉంటుంది. ఉగాదికి పచ్చడి కోసం మామిడికాయను ఈ చాకుతో తరిగితే మొదటి నాలుగు ముక్కల అంచులు నల్లబడతాయి, నోట్లో వేసుకుంటే ఇనుప రుచి తగులుతుంది. ముక్కలు తరగడం పూర్తయ్యేసరికి బ్లేడు మీద నీలి చారలు తేలతాయి. ఆ చారలు తుప్పు కావు. నల్లగా, నీలంగా పట్టే ఆ పొర పైపెచ్చు ఎర్ర తుప్పును కొంతవరకు ఆపుతుంది. పొర బాగా ముదిరాక ఇనుప రుచి కూడా తగ్గుతుంది. కానీ తడి చాకును తుడవకుండా మడిచి ఒక రాత్రి వదిలేస్తే, మడత దగ్గర చేరిన చెమ్మ బ్లేడు మొదట్లో ఎర్రని గుంటలు చేస్తుంది. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి సముద్రపు ఊళ్ళలో ఆ పనికి రాత్రంతా కూడా పట్టదు.

నూనె విషయంలో చాలామంది కొబ్బరినూనె రాస్తారు. అది కొన్నాళ్ళకు జిగురుగా మారి వాసన పట్టి, మడత కదలికను బిగదీస్తుంది. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ చవక, తినే వస్తువులు కోసే చాకుకు హాని లేనిది. మడత దగ్గర ఒక చుక్క వేసి, బ్లేడును గుడ్డతో తుడిస్తే చాలు.

మామూలు స్టెయిన్‌లెస్: చిన్నచూపు చూడదగినది కాదు

విక్టోరినాక్స్ ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 55, 56 దగ్గర ఉంటుంది. అందుకే సేకరణదారులు కొందరు దాన్ని మెత్తని ఉక్కు అని చప్పరించేస్తారు. నాకు ఆ మాటతో ఏకీభావం లేదు. ఆ బ్లేడ్లు ఎంత పల్చగా ఉంటాయంటే, వాదర కాస్త మొద్దుబారిన తరువాత కూడా బత్తాయి తొక్కలోకి జారిపోతాయి. ఇంట్లో పళ్ళు కోయడానికి, ఉత్తరాలూ పొట్లాలూ విప్పడానికి, ప్రయాణంలో పిల్లలకు జామకాయ చీల్చి ఇవ్వడానికి చాకు కావలసిన వారికి ఇంతకన్నా ఖర్చు పెట్టవలసిన అవసరం నాకు కనబడదు. పదును పోతే పింగాణీ కప్పు అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం మీద రుద్దినా తిరిగి వస్తుంది. ఎం390తో ఈ వెసులుబాటు దొరకదు.

420హెచ్‌సీ గురించి ఒక మాట. అమెరికాకు చెందిన బక్ సంస్థ 1964 నుంచి అమ్ముతున్న 110 నమూనా మడత చాకు మామూలుగా ఈ ఉక్కుతోనే వస్తుంది. అదే నమూనా ఎస్30వీ అనే పౌడర్ ఉక్కుతోనూ దొరుకుతుంది. 110కు తాళం ఉంది కనుక అది స్లిప్‌జాయింట్ కాదు. అయినా ఒకే ఆకారంలో రెండు ఉక్కులను పోల్చి చూడాలనుకునేవారికి అంతకన్నా అనువైన జత దొరకడం కష్టం. బక్ వారి 420హెచ్‌సీకి మంచి పేరు రావడానికి ఉక్కు మిశ్రమం కారణం కాదు, పాల్ బోస్ అనే నిపుణుడు స్థిరపరిచిన పాయనం పద్ధతి, అంటే ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరిచే తీరు, కారణం. కమ్మరి కొలిమి దగ్గర పెరిగినవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. కొడవలికి పాయనం సరిగ్గా కుదరకపోతే ఎంత మంచి పట్టీతో చేసినా అది మొదటి పనకే వంగుతుంది, లేదా పెళుసై విరుగుతుంది. పెట్టె మీద ఉక్కు పేరు ముద్రిస్తారు కానీ పాయనం ఎలా పట్టించారన్నది ముద్రించరు. అందువల్ల ఆ ఉక్కుతో ఏళ్ళ తరబడి పని చేసి చేయి తిరిగిన తయారీదారు మామూలు చాకు, కొత్తగా ఆ ఉక్కును చేతబట్టినవారి ఖరీదైన చాకు కన్నా మేలు కావచ్చు.

మధ్య మెట్టు: డీ2, 154సీఎం

డీ2 మొదట అచ్చుల కోసం, కోత యంత్రాల కోసం పుట్టిన ఉక్కు. పదును నిలుపుకోవడంలో 1095 కన్నా స్పష్టంగా మెరుగు, ధర కూడా ఎక్కువ కాదు. ఇప్పుడు చైనాలో తయారయ్యే సంప్రదాయ నమూనాల్లో ఇది విరివిగా కనిపిస్తోంది. కానీ పౌడర్ పద్ధతిలో చేయని డీ2లో కార్బైడ్లు పెద్దవి. క్షురకుని కత్తి వంటి నునుపైన పదును దానికి రాదు, వచ్చినా నిలవదు. చిన్న రంపపు కరుకు ఉన్న పదునే దానికి సహజం. తాళ్ళు, గోనెసంచులు, ప్లాస్టిక్ పట్టీలు కోసేవారికి ఆ కరుకు పనికొస్తుంది. పళ్ళ తొక్క తీసేవారికి దానితో తృప్తి ఉండదు.

154సీఎం విషయంలో నాకు కొంచెం పక్షపాతం ఉన్నమాట నిజం. 1970లలో అమెరికా కత్తుల తయారీదారు బాబ్ లవ్‌లెస్ కత్తుల్లోకి తెచ్చిన ఈ ఉక్కును, చేతితో చాకులు చేసే టోనీ బోస్ నమూనాలతో కేస్ సంస్థ పరిమిత సంఖ్యలో తెచ్చిన చాకుల్లో వాడారు. సంప్రదాయ ఆకారానికి మేలు ఉక్కు జత కలిసిన తొలి ప్రయత్నాల్లో అది పేరెన్నికగన్నది. తుప్పు భయం తక్కువ, మామూలు రాయి మీద కొంచెం ఓపిక పడితే సాన ఎక్కుతుంది, పదును 420హెచ్‌సీ కన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒక్క చాకుతోనే సరిపెట్టుకోవాలనుకునేవారు ఈ ఉక్కు, లేదా దాని పౌడర్ రూపమైన సీపీఎం154 దొరికితే వదలకూడదని నా అభిప్రాయం. చిక్కేమిటంటే, ప్రకటనల హోరు కొత్త ఉక్కుల చుట్టూ ఉండటంతో ఇవి దుకాణాల్లో అరుదైపోతున్నాయి.

పౌడర్ ఉక్కులు: ధర ఎందుకు, లాభం ఎప్పుడు

మానియాగోలోని లయన్‌స్టీల్ సంస్థ స్లిప్‌జాయింట్లలో ఎం390 వాడుతుంది. 2022 ప్రాంతంలో వచ్చిన జాక్ వోల్ఫ్ చాకులు ఎస్90వీతో పేరు తెచ్చుకున్నాయి. వీటి ధర పాతరకం చాకులకు రెండింతలో మూడింతలో ఉండటానికి పేరు మోజు ఒక్కటే కారణం కాదు. పాత కర్మాగారాల్లో బ్లేడు ఆకారాన్ని అచ్చుతో రేకు నుంచి గుద్ది తీస్తారు. వనాడియం కార్బైడ్లు నిండిన రేకును అలా గుద్దితే అచ్చులు త్వరగా అరిగిపోతాయి. అందుకని లేజరుతోనో నీటిధారతోనో కోయాలి. 1095ను దాదాపు 800 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి నూనెలో ముంచితే చాలు. ఎం390కు 1100 డిగ్రీలు దాటిన వేడి, గాలి చొరబడని కొలిమి, ఒత్తిడితో పంపే వాయువు, చాలా సందర్భాల్లో ఆపైన గడ్డకట్టే చలిలో ఉంచడం కావాలి. ఆ తరువాత సాన పట్టే బెల్టులు ఎక్కువ ఖర్చవుతాయి, మెరుగు పెట్టడం నిదానిస్తుంది. ఇదంతా కలిసి ధరలోకి వస్తుంది.

ప్రతిఫలం కూడా నిజమైనదే. అమెరికాలో ఉండే మా బంధువుల ఇంట్లో వారానికి పది పదిహేను అట్టపెట్టెలు విప్పుతారు. అట్ట పైకి మెత్తగా కనిపించినా దానిలో కలిసే దుమ్ము, ఖనిజ రేణువులు వాదరను ఆకురాయిలా తినేస్తాయి. షెఫీల్డ్‌లోని కాట్రా సంస్థ వాదర మన్నికను పరీక్షించే యంత్రంలో 5 శాతం సిలికా కలిపిన అట్టకాగితం వాడటం ఊరికే కాదు. ఇటువంటి పనిలో 420హెచ్‌సీ బ్లేడు వారంలో చతికిలబడితే, ఎం390 బ్లేడు నెల దాటినా పెట్టె పట్టీని జారకుండా పట్టుకుంటుంది. మా బంధువులకు సాన పట్టడం రాదు, నేర్చుకునే తీరికా లేదు. వాళ్ళకు నేనే ఎం390 చాకు కొనిపించాను. సంవత్సరానికి ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు దాన్ని వెంట తెచ్చి నా చేతికిస్తారు.

ఇక రెండవ వైపు. వనాడియం కార్బైడు మామూలు సాన రాయిలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టిది. అందుకే సంత రాయి మీద ఎస్90వీ రుద్దితే కార్బైడ్ల చుట్టూ ఉన్న ఇనుము అరుగుతుంది, కార్బైడ్లు మాత్రం మొండిగా నిలుస్తాయి. వజ్రపు పొడి పూసిన పలకలు కొనవలసిందే. సైకిలుకు చక్రం బిగించుకుని వీధుల్లో తిరిగే సాన పట్టేవారికి అయితే ఏ మంచి చాకునూ ఇవ్వవద్దు. నిప్పురవ్వలు రాలుతున్న ఆ చక్రం మీద పల్చని వాదర క్షణంలో నీలిరంగుకు తిరుగుతుంది. 1095ను కాల్చి ముంచిన తరువాత పాయనం చివరి మెట్టుగా మళ్ళీ వేడి చేసేది సుమారు 200 డిగ్రీల దాకానే కనుక, అంతకు మించిన వేడికి గుర్తయిన ఆ నీలిరంగు కనిపించిన చోట గట్టిదనం పోయినట్టే లెక్క.

ఉక్కు కన్నా ముందు చూడవలసినది

మూడేళ్ళ క్రితం ఆన్‌లైన్‌లో ఒక పౌడర్ ఉక్కు చాకు తెప్పించాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. పిడి మీద ఎముక పలకలు చెక్కినట్టు కూర్చున్నాయి, స్ప్రింగు చప్పుడు వినసొంపుగా ఉంది, ఉక్కు గురించి కాగితంలో రాసినదంతా నిజమే. కానీ క్యారెట్టు కోయబోతే బ్లేడు సగం దిగాక ముక్క టప్పున చీలి ఎగిరిపడింది. వాదర వెనుక బ్లేడు అంత లావుగా ఉంది. మామూలు రాయి మీద రెండు సాయంత్రాలు కూర్చున్నా దాని మీద గీత కూడా సరిగ్గా పడలేదు. చివరికి వజ్రపు పలక కొని, ఒక్కో వైపు 20 డిగ్రీలకు పైగా ఉన్న వాలును 15కు దించేసరికి ఇంకో రెండు ఆదివారాలు గడిచాయి. ఆ తరువాత అది అద్భుతంగా కోస్తోంది. ఆ నాలుగు రోజుల శ్రమను ధరలో కలుపుకుంటే మాత్రం అది నేను కొన్నవాటిలో అత్యంత ఖరీదైన చాకు.

కోత ఎంత సులువుగా సాగుతుందో తేల్చేది ముందుగా బ్లేడు మందం, వాలు. ఉక్కు పేరు ఆ తరువాతి మాట. ఒకే ఉక్కులో వాలును సన్నగా చేస్తే పదును నిలిచే కాలం కూడా పెరుగుతుంది, ఎందుకంటే సన్నని వాదర కొంత అరిగాక కూడా లావుపాటి కొత్త వాదర కన్నా బాగానే దిగుతుంది. అయితే అంత సన్నని వాలును తట్టుకోవడానికి ఉక్కుకు గట్టిదనంతో పాటు విరగకుండా నిలిచే చేవ కూడా కావాలి. మేలు ఉక్కు నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. లావుపాటి వాలుతో వచ్చిన ఎస్90వీ చాకు, బీడు భూమికి బోరు వేయించి మోటారు బిగించకుండా వదిలేసినట్టు ఉంటుంది.

అంటు కట్టేవారిని చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది. కడియం, కడియపులంక నర్సరీల్లో మామిడి అంటు కట్టే పనికి కోత ఒక్క ఊపులో, నలగకుండా, అద్దంలా రావాలి. నలిగితే అంటు అతకదు. అంటు చాకుల బ్లేడుకు ఒకవైపే సాన ఉంటుంది, రెండవ వైపు చదునుగా ఉంటుంది. ఆ పనికి పేరుపడ్డ జర్మనీ టీనా చాకులు ఇప్పటికీ కార్బన్ ఉక్కువే. పదును నెలలు నిలవడం కన్నా, పని మధ్యలో తోలు మీద రెండుసార్లు తిప్పగానే మళ్ళీ మొదటి పదును రావడం ఆ వృత్తికి ముఖ్యం. పదును మీదే బతుకు ఆధారపడినవారు ఖరీదైన ఉక్కు కోసం ఎగబడకపోవడం గమనించదగినది.

ఎవరికి ఏది

తోటలో, పొలంలో తిరుగుతూ కొమ్మలు, పురికొసలు కోసేవారు, సాన రాయి ఇంట్లో ఉన్నవారు 1095 లేదా కేస్ సీవీ తీసుకోవచ్చు. తుడిచే అలవాటు లేకపోతే మాత్రం వద్దు. పళ్ళు, చిల్లర పనులకు మామూలు స్టెయిన్‌లెస్ చాలు. చెమట ఎక్కువగా పట్టేవారు, కోస్తాలో ఉండేవారు, చేపలు కోసేవారు కార్బన్, డీ2 రెండింటికీ దూరంగా ఉండి, మాగ్నాకట్ చాకు అందుబాటులో ఉంటే దాన్ని, లేకపోతే 12సీ27ను ఎంచుకోవాలి. అట్ట, తాడు, ప్లాస్టిక్ రోజూ కోసేవారికి, వజ్రపు పలకకు కూడా డబ్బు పక్కన పెట్టగలిగేవారికి ఎం390, ఎస్90వీ సరైనవి. మామూలు స్టెయిన్‌లెస్‌కూ వీటికీ మధ్య ఎటూ తేల్చుకోలేనివారికి ఎస్35వీఎన్ మంచి రాజీ. సాన ఎక్కడంలో అది ఎస్90వీ అంత మొండిది కాదు. ఒపినెల్ కొనేవారికి ఒక హెచ్చరిక. 1955లో వచ్చిన దాని మెడ వలయం బ్లేడును గట్టిగానే పట్టి ఉంచుతుంది కానీ, పిడి అంతా కర్ర కనుక గోదావరి జిల్లాల జూలై తేమకు ఉబ్బి బ్లేడు బయటికి రాకుండా బిగుసుకుపోతుంది. పిడి చివరను నేలకేసి మెల్లగా తట్టి తెరవాలి.

చట్టం విషయం క్లుప్తంగా. మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉంటే, అదీ గృహ, వ్యవసాయ అవసరాల కోసం చేసినది కాకపోతే, లైసెన్సు ప్రస్తావన వస్తుంది. మూడు నాలుగు అంగుళాల జేబు చాకులు ఆ కొలతకు చాలా లోపల ఉంటాయి. మీట నొక్కితే తెరుచుకునే బటన్ చాకుల సంగతి వేరు, వాటి జోలికి పోకపోవడమే మంచిది. బ్రిటన్‌లో ఉండే మనవారికి స్లిప్‌జాయింట్ ప్రత్యేకంగా పనికొస్తుంది. తాళం లేని, వాదర 3 అంగుళాలు మించని మడత చాకును కారణం చూపకుండా వెంట ఉంచుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. విమానంలో మాత్రం ఏ చాకైనా చేతిసంచిలో ఉండకూడదు, లోపలికి పంపే సామానులోనే పెట్టాలి.

చాకు చేతికి అందాక పరీక్ష ఇలా చేయండి. మడిచిన చాకును వెలుతురుకు ఎదురుగా పట్టి స్ప్రింగుకూ పక్క రేకులకూ మధ్య వెలుగు కనిపిస్తోందా చూడండి. పల్చని గీత క్షమించవచ్చు, గోరు దూరే సందు క్షమించకూడదు. బ్లేడు ఏ పక్కకూ ఒరగకుండా మధ్యలో కూర్చోవాలి. తెరిచి బ్లేడు కొన పట్టి ఎడమకూ కుడికీ ఊపితే కదలకూడదు. స్లిప్‌జాయింట్లను ఎక్కువగా మేకులతో బిగించేస్తారు కనుక అటువంటి వాటిని ఇంటి దగ్గర విప్పి సరిచేసుకునే వీలు ఉండదు. స్ప్రింగు మరీ గట్టిగా ఉండి గోరు విరిగేలా ఉంటే, పెద్దవారికి బహుమతిగా ఇవ్వడానికి అది తగదు. చివరగా క్యారెట్టు. కానీ దాన్ని కోసే ముందు అమ్మకందారు వాపసు నిబంధన చదవండి, ఎందుకంటే ఒక్క కోత పడినా, రాయి మీద ఒక్కసారి లాగినా ఆ చాకును వెనక్కి తీసుకోని దుకాణాలే ఎక్కువ.